టకానిని అవతల మంచు తోసే ట్రాక్టరు

ఆయన పోయిన మర్నాడు మా తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో రాశారు: "ఒకసారి నిర్ణయం తీసుకుంటే వెనక్కి చూడని మనిషి." నేనప్పుడు ఆక్లాండ్ శివారున టకానిని స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాను. చదివి పైకే నవ్వేశాను. పక్కనున్న సమోవా ఆవిడ నా మొహం చూసి తనూ నవ్వింది. నేను చావుకబురు చదివి నవ్వుతున్నానని ఆవిడకేం తెలుసు.

నవ్వక ఏం చెయ్యను? ఆ మనిషి ఇంటి గడ్డి కోయడానికి ఒక చిన్న ట్రాక్టరు కొందామనుకుని, కొనేసరికి నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ గడ్డి ఆయన కోసం ఆగలేదు.

మిగతావాళ్ళంతా దండం బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. నాకు తెలిసింది రాద్దామనిపించింది. పేరు రాయను. తెలిసినవాళ్ళు ఈపాటికే పోల్చుకుని ఉంటారు. తెలియనివాళ్ళకి పేరుతో పనిలేదు.

ఆయన భార్య సుశీల నాకు చెల్లెలి వరస. చుట్టరికం ఏమీ లేదు. సలాడ్ ఆకులు ప్యాక్ చేసే షెడ్డులో ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడి పనిచేశాం. టీ బ్రేకుల్లో నాకు అక్షరాలు దిద్దించింది తనే. అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. తను నన్ను అక్కా అనేది కాబట్టి ఆయన వదినగారూ అనేవాడు, నేను మరిదిగారూ అనేదాన్ని.

మనిషిని చూస్తే ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, బెల్టుకి ఫోను పౌచ్, తెల్ల కాన్వాసు బూట్లు. ఆ బూట్లకి గడ్డి మరక ఒక్కటీ ఉండేది కాదు. సిటీలో కంప్యూటర్ ఉద్యోగం. టకానిని అవతల, కొండల వైపు, ఇల్లుతో సహా రెండున్నర ఎకరాల బ్లాకు కొన్నాడు. ఇంటి వెనక చెక్క డెక్కు ఉంది. ఆ డెక్కు ఆఖరి మెట్టు దిగి ఆయన నేల మీద కాలు పెట్టిన రోజులు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. టీ గ్లాసు రెయిలింగ్ మీద పెట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటితో పొలం కొలిచేవాడు. "వదినగారూ, ఇదంతా ఫ్లాట్‌గా చేయించామనుకోండి..." అంటూ అరచెయ్యి ఇస్త్రీపెట్టెలాగా గాలిలో తోసేవాడు. వెనకనున్న వాలంతా ఆ చెయ్యి కింద చదునైపోయేది. సుశీల ఆ వాలులోనే ఎక్కుతూ దిగుతూ బట్టలు ఆరేసేది.

ఇక్కడి గడ్డి గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. కికూయు అని ఒక రకం. చలికాలం కాస్త నిద్రపోతుంది, మిగతా ఏడాదంతా పరుగే. కోయకపోతే పరుపులాగా అల్లుకుని, కంచె ఎక్కి, కంచెనే మింగేస్తుంది. మొదటి ఏడే వాళ్ళ పోస్టుబాక్సు కనపడకుండా పోయింది. తోసుకుంటూ నడిచే చిన్న మెషీనుతో సుశీల ఆదివారాలు ఇంటి చుట్టూ కోసుకునేది. అంతకు మించి దానికి చేతకాదు. మిగతాదంతా నడుం దాకా.

పక్క బ్లాకులో మార్గరెట్ అని డెబ్భై ఎనిమిదేళ్ళ కివీ ఆవిడ, అంటే ఇక్కడి న్యూజిలాండ్ మనిషే, ఉండేది. ఒకరోజు కంచె దగ్గరికి వచ్చి, "నా గొర్రెల్లో ఓ పదిహేనింటిని మీ వైపు వదులుతాను. నెల తిరక్కుండా తినేస్తాయి," అంది. ఈ దేశంలో సగంమంది చేసేది అదే. ఆయన డెక్కు మీది నుంచే రెండు చేతులూ ఊపి వద్దన్నాడు. ఆవిడ వెళ్ళాక మాతో, "గొర్రెలా! రేపు మనవాళ్ళెవరైనా ఇంటికొస్తే ఏమనుకుంటారు? మా వంశంలో గొర్రెలు కాసినవాడు లేడు," అన్నాడు.

"మా వంశంలో ఉన్నారు మరిదిగారూ," అన్నాను. "మా నాన్న బతికినన్నాళ్ళూ అదే పని. మా ఇంటి చుట్టూ మాత్రం గడ్డి ఎప్పుడూ పెరగలేదు."

సుశీల మొహం పక్కకి తిప్పుకుంది. ఆయన, "అబ్బే, మిమ్మల్నని కాదు వదినగారూ," అని టీ గుటక వేశాడు.

అసలు ట్రాక్టరు పిచ్చి పట్టించింది ఒక ఫోటో. సుశీల అక్క మొగుడు, అంటే ఈయన తోడల్లుడు, కెనడాలో ఉంటాడు. ఆయన పంపాడు. ఎర్ర రంగు చిన్న ట్రాక్టరు, దాని ముందు వెడల్పాటి ఇనప బ్లేడు, బ్లేడు ముందు గుట్టగా మంచు, పైన ఎలుగుబంటి లాంటి కోటులో తోడల్లుడు. కింద రాత: "ఎండాకాలం గడ్డి, చలికాలం మంచు. రెండిటికీ ఒకటే బండి. మీ దగ్గర ఇంకా చేత్తోనేనా బ్రదర్?"

తోడల్లుళ్ళ సంగతి మనవాళ్ళకి చెప్పేదేముంది. అత్తారింట్లో ఒకరికి పంచె పెడితే, రెండోవాడు అంచు ఎన్ని వేళ్ళుందో ఓరకంట చూసుకునే చుట్టరికం అది. "బ్రదర్" అన్న ఆ ఒక్క మాట ఈయన్ని వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి గడ్డి కోసే ట్రాక్టరు ఈయనకి చాలలేదు. అది మంచు కూడా తొయ్యాలి.

ఆక్లాండ్‌లో మంచు పడదు. ఇక్కడ పుట్టిన పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. చూడాలనుంటే గంటల తరబడి డ్రైవ్ చేసుకుంటూ కొండల దాకా పోవాలి, లేదా విమానమెక్కి సౌత్ ఐలాండ్ వెళ్ళాలి. సుశీల ఆ మాటే అంది.

"పడదని నీకెవరైనా రాసిచ్చారా?" అన్నాడు. "క్లైమేట్ మారిపోతోంది. కొనేటప్పుడే అన్నీ చూసుకుని కొనాలి." ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. కారు అద్దం మీద నాలుగు తెల్ల పలుకులు.

"అవి వడగళ్ళండీ."

"మొదట్లో అలాగే ఉంటుంది," అన్నాడాయన.

ఇక చూపులు మొదలయ్యాయి. పెళ్ళిచూపులంటే ఏం తప్పులేదు. దానికొక పొడుగాటి నోటుబుక్కు పెట్టాడు. నేనప్పుడు అక్షరాలు కూడబలుక్కుంటూ కనపడ్డ తెలుగు కాగితమల్లా చదివే రోజులు. ఆ నోటుబుక్కు మొదటి పేజీ నుంచి ఆఖరి దాకా చదివింది నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఒక్కో ట్రాక్టరుకీ ఒక్కో పేజీ. పుట్టిన దేశం, బలం, రంగు, గుణాలు, లోపాలు, వాడినవాళ్ళ అభిప్రాయం, మంచు. జపాన్ దాని కింద, "ఒద్దికైనది. నడుము సన్నం," అని ఉంది. కొరియా దాని కింద, "చూడ్డానికి బాగుంది. వెనకాముందు తెలియదు." ఒక పేజీలో అన్నీ బాగున్నాయని రాసి, అడ్డంగా గీత కొట్టి, "తోడల్లుడిది ఇదే రంగు. వద్దు," అని రాసుకున్నాడు. ఇంత రాసిన మనిషి సొంత నేల ఎంత వాలుందో, వానాకాలం ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో, వెనక గేటు వెడల్పెంతో ఒక్క పేజీలోనూ రాయలేదు.

ఏదో ఒకటి తేలుతుందనగా బొటనవేలితో మీసం దువ్వుకుని ఒక మాట అనేవాడు: "తొందరేముంది, గడ్డి ఎక్కడికి పోతుంది?" గుడిలో, బర్త్‌డే పార్టీల్లో, చివరికి ఒకరి తద్దినం భోజనాల్లో కూడా ఈయన ట్రాక్టరే మాట్లాడేవాడు. జనం ట్రాక్టర్ అంకుల్ అని పేరు పెట్టారు. దాన్ని ఆయన బిరుదు అనుకున్నాడు. సిటీలో ఒక్క ఫ్లాట్‌లో ఆరుగురు పడుకునే స్టూడెంట్లని, కుండీలో మొక్క కూడా లేనివాళ్ళని, ఆపి అడిగేవాడు: "నాలుగు చక్రాలకీ పవర్ ఉండేది తీసుకోమంటావా, రెండిటికి చాలంటావా?"

"నాలుగే తీసుకోండి అంకుల్," అనేవాళ్ళు, పులిహోర గిన్నె ఎంత ఖాళీ అయిందో చూసుకుంటూ. ఆ మాట కూడా నోటుబుక్కులోకి ఎక్కేది.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉండేది, సుశీల చేతులు చూడనంతవరకు.

మా షెడ్డులో ఆకులు వడలిపోకుండా గదిని ఫ్రిజ్‌లాగా ఉంచుతారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ చలిలో తడి ఆకులతో పని. అన్నేళ్ళ తర్వాత తన వేళ్ళ కొసలు సున్నం పూసినట్టు తెల్లబడేవి. కాసేపటికి నీలంగా అయ్యేవి. సూది గుచ్చినా తెలిసేది కాదు. ఇంకా ఇలాగే చేస్తే ఆ వేళ్ళు పనికిరాకుండా పోతాయని డాక్టరు చెప్పాడు. పని మానేస్తే ఏం చెయ్యాలో తను అప్పుడే అనుకుంది: వెనక అరెకరంలో గోంగూర వేసి మన కొట్లకి అమ్మాలి. మాంగెరెలో కూరలు పండించే ఒక ఫిజీ ముసలాయన గింజలిచ్చాడు. హెండర్సన్‌లో ఒక కొట్టాయన, పాపాటోయ్‌టోయ్‌లో ఇంకొకాయన వారం వారం తీసుకుంటామన్నారు. గోంగూరంటే ఇక్కడ మనవాళ్ళు ఎలా ఎగబడతారో తెలిసిందే. కాకపోతే ఇక్కడ చలికాలం పోయి అక్టోబరులో నేల వెచ్చబడగానే గింజ పడాలి. అంతకుముందే ఆ కికూయు కోసి, నేల దున్నాలి.

"ట్రాక్టరు రానీ," అనేవాడాయన.

ఒక అక్టోబరు వెళ్ళింది. రెండోది వెళ్ళింది. సుశీల గింజలు ఎండబెట్టి మళ్ళీ డబ్బాలో పోసేది. తెల్లవారి మళ్ళీ ఆ చల్లగదికి వచ్చేది. ఒక మనిషి ఆక్లాండ్‌లో పడని మంచు కోసం బ్లేడు వెతుకుతుంటే, ఆయన భార్య వేళ్ళు మంచులో ఉన్నట్టు గడ్డకట్టిపోతున్నాయి. ఈ మాట నేను ఆయనతో అన్నాను కూడా. "అందుకే కదా వదినగారూ, మంచిది చూస్తున్నాను," అన్నాడు. అది ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది.

మూడో ఏడు మమ్మల్నిద్దర్నీ కూడా చూపులకి తీసుకెళ్ళాడు. అమావాస్య దాటిన శనివారం, వర్జ్యం చూసుకుని బయల్దేరాం. ఆక్లాండ్‌కి దక్షిణంగా ఒక చిన్న ఊళ్ళో డీలరు యార్డు. షార్ట్స్, గంబూట్లు వేసుకున్న కివీ మనిషి వచ్చి పలకరించాడు. ఈయన పలకరింపు కూడా పూర్తికాకుండానే ఒక ట్రాక్టరు దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద వేలి కణుపులతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. మనం పుచ్చకాయ కొనేటప్పుడు చూస్తామే, అలా.

"స్థలం ఎంతుంది?" అనడిగాడు డీలరు.

"రెండున్నర ఎకరాలు."

"వాలు ఎంత?"

ఈయన సుశీల వైపు చూశాడు. "వాలు... మామూలే."

"ముందు భాగం చదును. వెనక బాగా దిగుతుంది," అంది సుశీల ఇంగ్లీషులో. "వాన పడితే కింద మూల పదిరోజులు బురద. గేటు ఇంత." చేతులు చాపి చూపించింది.

డీలరు మొహం తేటపడింది. అక్కణ్ణుంచి ఆయన సుశీలతోనే మాట్లాడాడు. చిన్న సైజు, బరువు తక్కువది, కింద గడ్డి కోసే బ్లేళ్ళున్నది ఒకటి చూపించాడు. ఇది మీకు సరిగ్గా సరిపోతుందన్నాడు. సుశీల దాని సీటు మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది, కొసలు తెల్లగా.

"మంచు తోసే బ్లేడు దీనికి పడుతుందా?" అన్నాడు ఈయన.

డీలరు జోకనుకుని గట్టిగా నవ్వాడు. ఈయన నవ్వలేదు. దాంతో ఆయనా ఆపాడు. "మీరుండేది ఎక్కడ?"

"టకానిని అవతల."

"ఆక్లాండ్ వచ్చి ఎన్నేళ్ళయింది?"

"పదకొండేళ్ళు."

"ఎప్పుడైనా మంచు చూశారా?"

ఈయన ఫోను తీశాడు. డీలరు ఆ ఫోటోని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూసి, ఎంతో మర్యాదగా, "ఇవి వడగళ్ళు మేట్," అన్నాడు.

"ముందుజాగ్రత్త," అన్నాడు ఈయన.

బ్లేడు కావాలంటే సౌత్ ఐలాండ్ నుంచి తెప్పించాలట, నెలలు పడుతుందట. "పరవాలేదు, ఆలోచించుకుని చెప్తాం," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కార్లో సుశీల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన దారంతా హుషారుగా మాట్లాడుతూనే ఉన్నాడు. డీలరుకి ఈ సబ్జెక్టులో నాలెడ్జి తక్కువని తేల్చాడు.

మూడో అక్టోబరూ వెళ్ళిపోయింది.

నాలుగో ఏడు సుశీల ఎవరినీ అడగలేదు. ఒక పనిరోజు సెలవు పెట్టి, గిన్నెడు పులిహోర పట్టుకుని మార్గరెట్ ఇంటికి వెళ్ళింది. ఆవిడ షెడ్డులో నాకంటే వయసులో పెద్ద ట్రాక్టరొకటి ఉంది. రంగు పోయి, సీటుకి గోనె కట్టి ఉంటుంది. దానికేం వంశం ఉందో, ఏ దేశంలో పుట్టిందో ఎవరూ అడగలేదు. ఆవిడ దాన్నెక్కి భోజనాల వేళకి వెనకంతా కోసేసి, అరెకరం దున్నేసి, పులిహోర తిని, ఇందులో పల్లీలు బాగున్నాయని చెప్పి వెళ్ళిపోయింది. నాలుగేళ్ళ పని పొద్దున మొదలై మధ్యాహ్నానికి అయిపోయింది. ఆ సాయంత్రమే సుశీలా నేనూ గింజ వేశాం.

ఆయన ఆఫీసు నుంచి వచ్చి డెక్కు మీద నిలబడ్డాడు. నల్లటి నేల చూశాడు.

"ఎవరు దున్నారు?"

"మార్గరెట్."

"నా నేల మీద మొదటిసారి తిరగాల్సింది నా బండి. ఆ తుక్కు డబ్బాతో తిప్పిస్తావా? నన్నొక్క మాట అడగవా?"

"మూడేళ్ళు అడిగాను కదండీ," అంది సుశీల.

వారం రోజులు మాట్లాడలేదాయన. ఆ తర్వాత ట్రాక్టరు ఆర్డరిచ్చాడు, మంచు బ్లేడుతో సహా. అంత ఆలోచించి, అన్ని పేజీలు రాసి, చివరికి కొన్నది ఒక ముసలావిడ మీద రోషంతో. ఏది కొన్నాడంటారా? డీలరు ఆరోజు సుశీలకి చూపించాడే, అదే.

బండి జనవరి మొదట్లోనే యార్డుకి వచ్చింది. డీలరు ఫోను చేశాడు. "ఈ నెల కాదు," అన్నాడు ఈయన. అది పుష్యమాసం, శూన్యమాసం, కొత్త వాహనం ఇంటికి తేకూడదు. ఆ సంగతి డీలరుకి ఇంగ్లీషులో చెప్పడానికి అరగంట పట్టింది. ట్రాక్టరు మూడు వారాలు యార్డులో ఎండింది. ఈలోగా వెనక గోంగూర మోకాలెత్తు లేచింది. ఎర్ర కాడ, అరచెయ్యంత ఆకు. ఇంకో వారంలో మొదటి కోత. కొట్లవాళ్ళకి తను మాటిచ్చేసింది. షెడ్డులో కూడా ఫిబ్రవరి ఆఖరుకి మానేస్తానని చెప్పేసింది.

మాఘమాసం వచ్చింది. మంచి రోజు చూసి ముప్పైమందిని పిలిచాడు. పూజారిగారొచ్చి బానెట్‌కి పసుపు, కుంకుమ పెట్టి, దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. అన్నీ చితికాక చప్పట్లు. సుశీల వంటింట్లో గారెలు వేస్తోంది. అప్పుడు ఈయన కెనడాకి వీడియో కాల్ కలిపి ఫోను నా చేతికిచ్చాడు. "వదినగారూ, నన్నూ బండినీ కలిపి చూపించండి."

తోడల్లుడు తెరమీదికొచ్చాడు. వెనక కిటికీలోంచి తెల్లగా మంచు. "ఏం బ్రదర్, దండ వేసి నిలబెట్టావు, పెళ్ళికొడుకా? బ్లేడు పనిచేస్తుందా, షోకేనా?"

అంతే. ఈయన ఎక్కి కూర్చున్నాడు. స్టార్ట్ చేశాడు. ఇంటి పక్కనుంచి వెనక్కి తిప్పాడు. నేను ఫోను పట్టుకుని వెంట పరిగెత్తాను. బ్లేడు దించాడు. దేన్ని తొయ్యాలి? ముందంతా గట్టి నేల. ఆయన ఒక కన్ను మూసి చూశాడు. ఒక్కచోట మట్టి మెత్తగా, పచ్చగా కనపడింది.

"మరిదిగారూ! ఆపండి! అది గోంగూర!" అని అరిచాను. ఇంజను మోతలో నేను ఉత్సాహపరుస్తున్నాననుకున్నాడు. బొటనవేలెత్తి చూపించాడు.

గుంటూరు జిల్లాలో పుట్టి, రోజూ అన్నంలో గోంగూర పచ్చడి లేకపోతే అలిగే మనిషి. ఆకు జాడీలో ఉంటే గుర్తుపడతాడు, నేలలో ఉంటే పిచ్చిమొక్క. ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి, అటు నుంచి ఇటు ఒకసారి, మళ్ళీ ఒకసారి. బ్లేడు శుభ్రంగా పనిచేసింది, అందులో అబద్ధం లేదు. మొక్కలన్నీ వేళ్ళతో సహా లేచి, దొర్లుకుంటూ వెళ్ళి కంచె దగ్గర గుట్టపడ్డాయి. అచ్చం ఆ కెనడా ఫోటోలో మంచులాగే.

"సూపర్ బ్రదర్!" అంటున్నాడు తోడల్లుడు నా చేతిలోంచి. తర్వాత గొంతు మారింది. "వదినగారూ, కొంచెం దగ్గరగా చూపించండి. అది గోంగూరలా ఉందే?"

ఫోను కట్టేశాను.

ఇంజను ఆగింది. సుశీల చిల్లుల గరిటెతో వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చూసింది. మేమంతా ఏడుస్తుందనుకున్నాం. వెనక్కెళ్ళి స్టవ్ ఆపి వచ్చింది.

"భోజనాలు గంట ఆలస్యమవుతాయి," అంది ముప్పైమందితో. "అందరూ రండి. ఎండకి వాడకముందే కట్టలు కట్టాలి."

పట్టుచీరల వాళ్ళు, సిల్కు జుబ్బాల వాళ్ళు, పూజారిగారు, అందరూ కంచె వెంబడి గొంతుక్కూర్చున్నారు. వేళ్ళకి మట్టి దులిపి, కాడలు సమంగా పేర్చి, కట్టలు కట్టారు. చివరికి ఆయన కూడా వచ్చి నిలబడ్డాడు. బూట్లకి మొదటిసారి మట్టి.

"నన్నేం చెయ్యమంటావు సుశీలా?"

"తాళం ఇవ్వండి."

జేబులోంచి కారు తాళం తీసిచ్చాడు. తను తీసుకుంది. చెయ్యి అలాగే చాపి ఉంచింది. "అది కూడా." ట్రాక్టరు తాళం ఇచ్చాడు.

మేమిద్దరం కట్టలన్నీ కార్లో వేసుకుని ముందు పాపాటోయ్‌టోయ్, తర్వాత హెండర్సన్ వెళ్ళాం. కొట్టాయన ఆకు నలిపి వాసన చూసి, "ఫస్ట్‌క్లాస్ అమ్మా. వచ్చే వారం ఎన్ని కట్టలు తెస్తారు?" అన్నాడు. కోసుకుంటూ పోతే ఏప్రిల్ దాకా చిగురుపెట్టే మొక్క. వేళ్ళతో లేచిపోతే ఒక్కసారే. సోమవారం తను షెడ్డు సూపర్వైజరు దగ్గరికి వెళ్ళి, మానేస్తానన్న మాట వెనక్కి తీసుకుంది. ఇంకో చలికాలం ఆ గదిలోనే నిలబడింది.

ఆయన క్షమించమని అడగలేదు. పైగా గుడిలో, "గంటలో పంట మొత్తం కోసేశాను, మెషీన్ అంటే అదీ," అని చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. ఆ మే నెలలో, ఇక్కడ చలి మొదలవగానే, సుశీలకి మాత్రం చేతి గ్లోవ్స్ తెచ్చాడు. మూడు వారాలు కంపేర్ చేసి తెచ్చాడట. మంచుకొండల మీద ఆడుకునేవాళ్ళు వేసుకునేవి. అవి తొడుక్కుంటే ఆకు కాదు, బకెట్టు కూడా పట్టుకోవడం కుదరదు. సుశీల వాటిని లాకర్లో పెట్టుకుంది. వాడలేదు, పారెయ్యనూ లేదు.

ట్రాక్టరు నడపడం తనకి మార్గరెట్ నేర్పింది. మొగుడు నేర్పలేదు. ఆయనకొచ్చింది ముందుకి పోనివ్వడం, బ్లేడు దించడం, రెండే. తర్వాతి అక్టోబరుకి సుశీల తనే కోసి, తనే దున్ని, గింజ వేసింది. షెడ్డు మానేసింది. అప్పటి నుంచి ఏటా వేసవంతా కట్టలు కొట్లకి వెళుతూనే ఉన్నాయి. వేళ్ళు మళ్ళీ మామూలు రంగుకి వచ్చాయి. మంచు బ్లేడు కోళ్ళగూటికి గోడ అయింది.

ఆయన తాళం తిరిగి అడగలేదు. అడక్కపోగా కొత్త ఉద్యోగం ఒకటి కల్పించుకున్నాడు. సుశీల ట్రాక్టరెక్కగానే టీ గ్లాసుతో డెక్కు మీదికొచ్చి నిలబడేవాడు. "లెఫ్ట్... ఇంకా లెఫ్ట్... ఆఁ, చాలు చాలు, స్ట్రెయిట్!" ఏర్‌పోర్టులో విమానాలకి దారి చూపేవాళ్ళలా రెండు చేతులూ ఊపేవాడు. తను చెవులకి మోత వినపడకుండా మఫ్స్ పెట్టుకునేది. ఒక్క ముక్క వినపడేది కాదు. ఆ సంగతి ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. కోత అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "నా డైరెక్షన్ లేకపోతే ఈవిడ ఎప్పుడో కంచెలో పెట్టేసేది వదినగారూ," అనేవాడు. మూడేళ్ళు విన్నాను ఆ మాట.

మొన్న పదకొండోరోజు కార్యం అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక, సుశీలా నేనూ డెక్కు మీద కూర్చున్నాం. గ్రూపులో వచ్చిన మెసేజిలన్నీ చదివి వినిపించమంది. చదివాను. వెనక్కి చూడని మనిషి అన్న దగ్గర తనూ నవ్వింది. అప్పుడంది:

"ఆయన ఊపే చేతులు చూసే నడిపేదాన్ని అక్కా."

"నిజంగానా? నువ్వసలు అటు చూస్తావనే అనుకోలేదు."

"చూసేదాన్ని. ఎడమకి ఊపితే కుడికి తిప్పేదాన్ని, కుడికి ఊపితే ఎడమకి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా కంచెకి తగల్లేదు."

"మరి ఇప్పుడు?"

"నిన్న కోశాను," అంది. "రెండుసార్లు తగిలింది."